మొదటి పాప 31 వారాలకే పుట్టింది. ఇప్పుడు మైక్రోఆర్‌ఎన్‌ఏ టెస్టు చేయించమంటున్నారు, 22 వేలు. పెట్టాలా వద్దా?

నాగావళి_నాన్న
మాది ఆమదాలవలస దగ్గర. మొదటి పాప 31 వారాలకే పుట్టేసింది. కిలో 350 గ్రాములు. 34 రోజులు ఎస్‌ఎన్‌సీయూలో (పసికందుల ప్రత్యేక వార్డు) ఉంచారు. ఇప్పుడు దానికి మూడేళ్లు, ఇల్లు పీకి పందిరేస్తోంది. మా ఆవిడకి మళ్లీ ఇప్పుడు 14వ వారం. మొన్న మామూలు రక్తపరీక్షకి వెళ్తే ఒక ప్రైవేటు ల్యాబ్ తాలూకు మనిషి పట్టుకున్నాడు. "ముందు కాన్పు నెలలు నిండకుండా అయింది కదా, రక్తంలో మైక్రోఆర్‌ఎన్‌ఏ చూసి ఈసారి ఎన్నో వారంలో అవుతుందో చెప్పేస్తాం, శాంపిల్ బయటికి పంపిస్తాం, 22 వేలు" అన్నాడు. చేతిలో ఒక రంగుల కాగితం పెట్టాడు. అందులో నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ అన్న మాట పది చోట్ల ఉంది. నేను బీకాం. డీఎన్‌ఏ అంటే సినిమాల్లో తండ్రెవరో తేల్చేది అని తప్ప ఇంకేం తెలీదు. ఇది నిజమా, మోసమా? ఆ రాత్రి 108లో వెళ్లిన టెన్షన్ ఇంకా వదల్లేదు. అందుకే కొట్టిపారేయలేకపోతున్నాను.

పలాస_జీడి
ఎన్నో వారమో చెప్పేస్తే అదే రేటుకి బారసాల ముహూర్తం కూడా పెట్టేయమనండి.

సందేహాల_సూరి
మోసమే, అందులో ఆలోచించేది ఏముంది. నాన్‌కోడింగ్ అంటేనే దేనికీ కోడ్ చేయనిది. మేం చదువుకున్నప్పుడు దాన్ని జంక్ అనే చెప్పారు. చెత్తని చూసి జాతకం చెప్తారా?

పొందూరు_పోగు
సూరి గారూ, మీరు చదివినప్పటికి ఆ మాట చెల్లింది, ఇప్పుడు చెల్లదు. నేను ఆర్‌ఎన్‌ఏ మీదే పనిచేస్తాను (హైదరాబాద్‌లో, సొంతూరు నా పేరులోనే ఉంది). కాస్త పెద్దదే రాస్తున్నా, ఓపిక ఉంటే చదవండి.

మన డీఎన్‌ఏలో ప్రోటీన్ తయారీకి నేరుగా వాడే భాగం నూటికి రెండు పాళ్లలోపే. అలాంటి జన్యువులు సుమారు 20 వేలు. మిగతా దాంట్లోంచి కూడా కణం బోలెడు ఆర్‌ఎన్‌ఏ, అంటే డీఎన్‌ఏ రాతకి నకళ్లు, తీస్తుంది. దాంతో ప్రోటీన్ తయారవదు. అదే నాన్‌కోడింగ్. మా ఊళ్లో ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు, చూసే ఉంటారు. ఆ దవడ పళ్లు బట్టలోకి రావు. బట్టని ఎంత విప్పి చూసినా చేప కనపడదు. కానీ అవి లేకపోతే నూలు అంత సన్నగా రాదు. ఈ ఆర్‌ఎన్‌ఏల పని దాదాపు అదే.

వాటిలో బుల్లివి మైక్రోఆర్‌ఎన్‌ఏలు, సుమారు 22 అక్షరాల పొడవు ఉంటాయి. ఏదైనా జన్యువు "ఫలానా ప్రోటీన్ తయారుచెయ్" అని చీటీ పంపితే ఇవి పోయి ఆ చీటీకి అతుక్కుంటాయి. పని ఆగిపోతుంది, లేదా చీటీయే చిరిగిపోతుంది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌లు దీన్ని మిల్లీమీటరు పొడవుండే పురుగులో పట్టుకున్నారు. ఏదో పురుగు వింత అని ఏడేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2000లో రెండోది దొరికింది. అది మనుషుల్లోనూ ఉంది. 2024లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. 200 అక్షరాలు దాటినవాటిని లాంగ్ నాన్‌కోడింగ్ అంటారు, గుండ్రంగా చుట్టుకున్నవీ ఉన్నాయి. చెత్త మాత్రం కాదు.

టెస్టు సంగతి వేరు. దానికి మళ్లీ వస్తాను, ఇప్పుడు మీటింగ్ ఉంది.

పలాస_జీడి
అసలు విషయం దగ్గర ఆపి మీటింగ్‌కి పోయాడు. సీరియల్ వాళ్లు నయం.

విజీనారం_వదిన
బాబూ నాగావళీ, మీ పాప ఏడో నెల పిల్ల కాబట్టి నిలిచింది. ఎనిమిదో నెలలో పుడితే నిలవరని మా అత్తగారు అనేవారు. ఈసారి ఎనిమిదో నెల దాటేదాకా ఆవిణ్ణి ప్రయాణాలు చెయ్యనివ్వకు.

డ్యూటీ_నర్సు
వదినా, ఈ మాట మా వార్డులో రోజూ వింటాను. తప్పు. కడుపులో ఒక్కో వారం ఎక్కువున్న కొద్దీ పిల్లకి మంచిదే. ఏడు కంటే ఎనిమిది మేలు, ఎనిమిది కంటే తొమ్మిది మేలు. ఎనిమిదో నెల పిల్లలు ఎంతమందో మా చేతుల్లోంచి నవ్వుతూ ఇంటికెళ్లారు. ఈ నమ్మకం వల్ల కొందరు "ఇంక లాభం లేదులే" అని తేవడమే ఆలస్యం చేస్తారు. ఆ కోపంతో రాస్తున్నా, ఏమీ అనుకోకండి.

విజీనారం_వదిన
అనుకోడానికేముంది తల్లీ. మా అత్తగారు ఇంకా చాలా అన్నారు, అవీ తప్పే.

గైనిక్_పీజీ
37 వారాలు నిండకముందు పుడితే ప్రీటర్మ్. 28 లోపు ఒక రకం, 28–32 ఒక రకం, 32 దాటితే ఒక రకం. ప్రపంచం మొత్తమ్మీద 2020లో సుమారు ఒక కోటీ 34 లక్షల మంది అలా పుట్టారు. ఏ దేశానికన్నా మన దేశం సంఖ్యే ఎక్కువ, దాదాపు 30 లక్షలు.

నాగావళి అన్నా, అప్పుడు కారణం ఏం చెప్పారు? ఉమ్మనీరు ముందే పోయిందా, నొప్పులే మొదలయ్యాయా, బీపీ పెరిగి డాక్టర్లే తీసేశారా? అది తెలియకుండా ఎవరేం చెప్పినా గాల్లో మేడలే. ఇది ఒక్క జబ్బు కాదు. ఇన్ఫెక్షన్, బీపీ, కవలలు, మాయ (ప్లసెంటా) విడిపోవడం, గర్భసంచి ముఖద్వారం పొట్టిగా ఉండటం, ఇలా ఎన్నో దారులు వచ్చి ఒకే గుమ్మం దగ్గర కలుస్తాయి.

నాగావళి_నాన్న
నొప్పులే మొదలయ్యాయి. రాత్రి పదకొండుకి నడుం నొప్పి అంది, గ్యాస్ అనుకుని వాము నీళ్లు ఇచ్చాం. రెండింటికి అర్థమైంది. కారణం ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జి కాగితంలో చేతిరాత నాకు అర్థం కాలేదు, మందుల షాపు అతనికీ అర్థం కాలేదు.

రాజాం_ల్యాబోడు
నేను ల్యాబ్ టెక్నీషియన్ని, పదకొండేళ్లు. ఆ శాంపిల్ ఎలా పంపుతారో అడగండి. మన ఎండలో కొరియర్ డబ్బాలో పెట్టి బస్సు మీద వేస్తే చేరేసరికి కొన్ని ట్యూబుల్లో పైన తేలే సీరం గులాబీ రంగులో ఉంటుంది. ఎర్ర కణాలు పగిలాయని అర్థం. మామూలు పొటాషియమే తప్పుగా వస్తుంది, ఇంక ఈ సూక్ష్మమైనవి ఏం కొలుస్తారు?

పొందూరు_పోగు
ల్యాబోడు అన్న కరెక్టుగా ముల్లు మీద వేలు పెట్టాడు. ఎర్ర రక్తకణాల నిండా మిర్-451, మిర్-16 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏలు ఉంటాయి. కణం పగిలితే అవి సీరంలోకి వచ్చేస్తాయి. రిపోర్టులో "పెరిగింది" అని వస్తుంది. పెరిగింది గర్భంలో కాదు, బస్సులో.

అసలు కథ ఇప్పుడు. గర్భసంచి అంటే పెద్ద కండరం. తొమ్మిది నెలలు అది కదలకుండా ఉండటమే వింత. ప్రొజెస్టెరాన్ హార్మోను దాన్ని నిద్రపుచ్చుతుంది. ఆ నిద్రకి కాపలా కాసే ప్రోటీన్లు జెబ్-1, జెబ్-2. నొప్పులకు కావాల్సిన జన్యువుల మీద ఇవి కూర్చుని లేవనివ్వవు. ఆ జన్యువుల్లో ఒకటి నొప్పులు తెచ్చే హార్మోను ఆక్సిటోసిన్‌ని అందుకునే గ్రాహకం. ఇంకొకటి కనెక్సిన్-43, కండర కణాలని ఒకదానితో ఒకటి కలిపేది. సిరిమాను లాగేటప్పుడు ఎవరికి వారు లాగితే కదలదు, అందరూ ఒకే ఊపున లాగితేనే కదులుతుంది కదా, ఆ ఊపు తెచ్చేది కనెక్సిన్.

కాన్పు దగ్గర పడేసరికి మిర్-200 కుటుంబం అనే మైక్రోఆర్‌ఎన్‌ఏలు పెరుగుతాయి. అవి జెబ్‌ల చీటీలు చింపేస్తాయి. కాపలా తగ్గుతుంది. తమాషా ఏమిటంటే జెబ్‌లు కూడా మిర్-200ని అణచిపెడతాయి. ఒకటి తగ్గితే రెండోది ఇంకా పెరుగుతుంది, ఊగుబల్లలా. ఒకసారి అటు ఒరిగిందంటే వెనక్కి రావడం కష్టం. అమెరికాలో డాలస్‌లో కెరోల్ మెండెల్సన్ బృందం 2010లో ఎలుకల్లోనూ, స్త్రీల గర్భసంచి కండరంలోనూ దీన్ని చూపించింది. తర్వాత ఇంకోటి తేలింది: మిర్-200ఎ ఇంకో దారిలో, కండరంలోనే ప్రొజెస్టెరాన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని పెంచుతుంది. మనుషుల్లో కాన్పు ముందు రక్తంలో ప్రొజెస్టెరాన్ పడిపోదు, మరి నిద్ర ఎలా చెడుతోంది అన్నది పాత చిక్కుముడి. దానికి ఇది కొంత జవాబు.

సందేహాల_సూరి
అయితే ఇంకేం, మిర్-200 కొలిస్తే తెలిసిపోతుందిగా. నేను ఓడిపోయాను, 22 వేలు కట్టేయండి.

పొందూరు_పోగు
అక్కడే తిరకాసు. అది పెరిగింది కండరంలో. 20వ వారంలో ఎవరి గర్భసంచి ముక్క కోసి చూస్తాం? ఇప్పటిదాకా చూసిన ముక్కలు ఎక్కువగా సిజేరియన్ చేసేటప్పుడు తీసినవి. నొప్పులు వచ్చాక తీసిన ముక్కలో మారినదంతా నొప్పులకి కారణమా, నొప్పుల వల్ల మారిందా? పెళ్లి ఇంట్లో ఎంగిలి విస్తళ్లు చూసి, వీటివల్లే పెళ్లి జరిగిందంటే ఎలా?

రక్తంలో, ముఖద్వారం దగ్గర తీసిన కణాల్లో వెతికారు. ముఖద్వారం కణాల్లో మిర్-143, మిర్-145 లాంటివి దొరికాయి, ఆశ పుట్టించేవే. కానీ ఒక్కో ల్యాబ్ ఒక్కో జాబితా ఇస్తుంది. ఒకరు 12వ వారంలో తీస్తారు, ఒకరు 28లో. ఒకరి దగ్గర 30 మంది, ఒకరి దగ్గర 100 మంది. పీజీ గారు చెప్పినట్టు పది రకాల కారణాలని ఒకే గంపలో వేస్తారు. జాబితాలు కలవవు. కలవనప్పుడు దాన్ని టెస్టుగా అమ్మకూడదు.

సందేహాల_సూరి
మరి స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2018లో తల్లి రక్తంతో నెలలు నిండని కాన్పు ముందే పట్టేశారని పేపర్లో వచ్చిందే? ఈసారి నేను నమ్మే వైపు ఉన్నాను, చూడండి.

పొందూరు_పోగు
స్టీఫెన్ క్వేక్ బృందం పని అది, మంచి పని. కానీ కొద్దిమంది తల్లుల మీద చేసింది, వాళ్లే పెద్ద సంఖ్యలో మళ్లీ చూడాలని రాశారు. ఇంకో సంగతి, వాళ్లు వాడిన గుర్తులు ఎక్కువ భాగం ప్రోటీన్ జన్యువుల చీటీలే, నాన్‌కోడింగ్ కాదు. రంగుల కాగితాల్లో ఇదీ అదీ కలిపి పులిహోర చేస్తారు.

పలాస_జీడి
పులిహోర అంటే గుర్తొచ్చింది, భోజనానికి పోతున్నా. ఎవరూ కాన్పు చేసేయకండి నేనొచ్చేదాకా.

వంశధార_92
మా నానమ్మ అడ్డపొగ తాగుతుంది. నిప్పు నోట్లో పెట్టుకుని. మా వైపు పాతవాళ్లు చాలామందికి ఉంది. నా భార్య అయిదో నెల. ఒకే గది ఇల్లు. ఆ పొగకీ ఈ ఆర్‌ఎన్‌ఏలకీ ఏమైనా లింకు ఉంటుందా, ఊరికే అడుగుతున్నా.

గైనిక్_పీజీ
లింకు ఉన్నా లేకపోయినా నానమ్మగారిని చుట్ట బయట అరుగు మీద తాగమనండి. పొగకీ తక్కువ బరువుకీ, తొందర కాన్పుకీ సంబంధం ఎప్పుడో తేలింది. ఆవిడ నోటికీ మంచిది కాదు, అడ్డపొగ వల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుంది. మన జిల్లా వాళ్లకి ఇది ఎవరో చెప్పాల్సిన పని లేదు.

పొందూరు_పోగు
లింకు ఉంది వంశధారా. సిగరెట్ తాగిన తల్లుల మాయలో మిర్-16, మిర్-21, మిర్-146ఎ తగ్గాయని 2010లోనే చూశారు. 146ఎ పని వాపుని, మంటని అదుపులో పెట్టడం. మాయ అసలే ఈ ఆర్‌ఎన్‌ఏల ఖజానా. 19వ క్రోమోజోము మీద ఒక గుంపు ఉంది, 46 మైక్రోఆర్‌ఎన్‌ఏ జన్యువులు వరసగా. కోతి జాతిలోనూ మనలోనూ తప్ప వేరే జంతువుల్లో లేదు. మాయలో అది తండ్రి నుంచి వచ్చిన కాపీ నుంచే పలుకుతుంది, తల్లి కాపీ మూగ. మాయ వీటిని బుల్లి సంచుల్లో కట్టి తల్లి రక్తంలోకి వదులుతుంది. కాన్పు అవగానే తల్లి రక్తంలో అవి చరచరా పడిపోతాయి.

ఇంకొకటి హెచ్-19 అని పొడుగుది. అది తల్లి కాపీ నుంచే పలుకుతుంది. మాయ మరీ పెరగకుండా చూస్తుంది.

పలాస_జీడి
అంటే నాన్న పెంచమంటాడు, అమ్మ చాల్లే అంటుంది. మా ఇంట్లో కరెంటు బిల్లు కూడా ఇలాగే.

బొబ్బిలి_వీణ
చాలా రోజులుగా చదవడమే తప్ప రాయలేదు. నాకు 26 వారాలకి బాబు పుట్టి రెండు రోజులున్నాడు. మా అత్తవారింట్లో "నీ రక్తంలోనే ఏదో ఉంది" అన్న మాట ఇప్పటికీ వస్తుంది. ఇప్పుడు ఈ ఆర్‌ఎన్‌ఏ గురించి చదువుతుంటే, నిజంగానే నా రక్తంలో ఉందేమో అనిపిస్తోంది. ఇది జన్యు లోపమా? సూటిగా చెప్పండి.

పొందూరు_పోగు
కాదు అక్కా. సూటిగానే చెప్తున్నా. నేను రాసిందంతా ఏ చీటీ ఎంత ఎక్కువుంది, ఎంత తక్కువుంది అన్నదే. లోపం ఉన్న జన్యువు అని కాదు. ఇన్ఫెక్షన్ వస్తే ఇవి మారతాయి, పొగ వల్ల మారతాయి, మాయకి రక్తం సరిగ్గా అందకపోతే మారతాయి, కాన్పు మొదలవడం వల్లే మారతాయి. అందులో నాన్న కాపీ కూడా ఉందని పైనే రాశాను. మీ అత్తవారింట్లో ఎవరైనా ఈసారి రక్తం మాట ఎత్తితే ఆ 19వ క్రోమోజోము సంగతి చెప్పండి.

డ్యూటీ_నర్సు
వీణా, నువ్వు చేసినదాని వల్ల కాదమ్మా. వార్డులో తల్లులందరూ ఇదే అడుగుతారు. బొప్పాయి తిన్నానా, బరువు ఎత్తానా, గ్రహణం రోజు బయటికి వెళ్లానా అని. 26 వారాల పిల్ల చర్మం ముంజె మీద పొరలా ఉంటుంది, వేలు పెడితే ఎక్కడ చిరుగుతుందో అని భయం వేస్తుంది. రెండు రోజులు పోరాడాడంటే గట్టి పిల్లాడే.

బొబ్బిలి_వీణ
🙏 వాడి గురించి అలా ఎవరూ అనలేదు ఇప్పటిదాకా.

విజీనారం_వదిన
తల్లీ వీణా, మా వీధికి ఎప్పుడైనా వస్తే ఇంటికి రా. కాఫీ పెడతాను, రక్తం మాట ఎత్తను.

గైనిక్_పీజీ
నాగావళి అన్నా, మీ 22 వేల సంగతికి వద్దాం. ఆ డబ్బులో కొంచెంతోనే అయ్యే పనులు ఇవి. ఒకటి, యోని ద్వారా చేసే స్కాన్‌తో ముఖద్వారం పొడవు. ముందు తొందర కాన్పు అయినవాళ్లకి 16వ వారం నుంచి 24 దాకా మధ్యమధ్య చూస్తారు. 25 మిల్లీమీటర్ల లోపు వస్తే ప్రొజెస్టెరాన్ గుళికలు ఇవ్వడమో, ముఖద్వారానికి కుట్టు వేయడమో డాక్టర్ నిర్ణయిస్తారు. వదినకి టిఫా స్కాన్ (పిల్ల అవయవాలన్నీ చూసేది) ఎలాగూ ఉంటుంది, దాంతో పాటు పొడవు కూడా కొలిచి రాయమని నోరు తెరిచి అడగండి. అడక్కపోతే పొట్ట మీంచి చూసి "నార్మల్" అని రాసేస్తారు కొన్నిచోట్ల.

రెండు, మూత్రం కల్చర్, అంటే మూత్రంలో క్రిములున్నాయేమో పెంచి చూసే పరీక్ష. మంట లేకపోయినా ఉండొచ్చు ఇన్ఫెక్షన్. మూడు, రక్తహీనత, బీపీ, షుగర్.

వారంవారం వేసే ప్రొజెస్టెరాన్ ఇంజెక్షన్ గురించి ఎవరైనా చెప్తే ఆగి అడగండి. అలాంటిదొకటి పని చేస్తుందన్న మాట పెద్ద పరిశోధనలో నిలవక, అమెరికాలో 2023లో దాని అనుమతే రద్దు చేశారు.

రాజాం_ల్యాబోడు
కల్చర్‌కి ఉదయం మొదటి మూత్రం, మధ్య ధార, స్టెరైల్ డబ్బా. ఇంట్లో జామ్ సీసాలో తెచ్చేవాళ్లున్నారు. దయచేసి వద్దు.

సందేహాల_సూరి
మళ్లీ నొప్పులు మొదలైతే? స్కాన్లన్నీ బాగున్నా రాకూడదని లేదు కదా.

డ్యూటీ_నర్సు
రాకూడదని లేదు. అందుకే ఇప్పుడే చూసుకోవాల్సింది ఏ ఆసుపత్రిలో పిల్లల వార్డు, వార్మర్ (పిల్లని వెచ్చగా ఉంచేది), సీప్యాప్ (ఊపిరికి సాయం చేసే యంత్రం) ఉన్నాయి అన్నది. పిల్ల పుట్టాక అంబులెన్సులో తిప్పడం కంటే పిల్ల కడుపులో ఉండగానే తల్లిని అక్కడికి చేర్చడం వంద రెట్లు మేలు. నడుం నొప్పి వచ్చి వచ్చి పోతుంటే, పొట్ట రాయిలా గట్టిపడుతుంటే, నీరు కారితే వాము నీళ్లు కాదు, బండి. 34 వారాల్లోపయితే ఊపిరితిత్తులకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తారు, బెటామెథసోన్ అయితే రెండు డోసులు, డెక్సామెథసోన్ అయితే నాలుగు. అవి పని చేయడానికి టైము కావాలి, అందుకే రెండు గంటలు ముందు రావడం కూడా లెక్కే.

తర్వాత కంగారూ కేర్. మొన్న ఒక తాతగారు, ఇచ్ఛాపురం వైపు, కిలో రెండొందల మనవరాలిని చొక్కా విప్పి గుండె మీద వేసుకున్నారు. పైన పాత పంచె చుట్టాం. మూడు గంటలు కదల్లేదు, దోమ కుట్టినా. అమ్మాయి ఊపిరి నిలకడ పడింది. కోడలు ఉగ్గుగిన్నెతో పాలు పడుతుంటే ఆయన "మెల్లగా, మెల్లగా" అంటూ మాకే ఆర్డర్లు.

పలాస_జీడి
కంగారు పడకుండా కంగారూ చేయాలన్నమాట. (ఈ జోకు ఇంతకుముందు ఎవరైనా వేసుంటే క్షమించండి.)

డ్యూటీ_నర్సు
వార్డులో రోజుకి ఇద్దరు వేస్తారు బాబూ.

వంశధార_92
నానమ్మకి చెప్పాను. "నీ నాన్నని, నీ అత్తల్ని అయిదుగురిని కన్నాను ఈ చుట్టతోనే" అంది. కానీ ఇవాళ అరుగు మీదికి పోయింది. వర్షం వస్తోంది పాపం, గొడుగు ఇచ్చాను.

నాగావళి_నాన్న
నెలా పది రోజుల తర్వాత రాస్తున్నాను, డ్యూటీలో పడి ఆలస్యమైంది. ఆ టెస్టు చేయించలేదు. టిఫా రోజు నోరు తెరిచి అడిగాం. స్కాన్ డాక్టరమ్మ "ఎవరు చెప్పారు మీకు?" అని ఆశ్చర్యంగా చూసి చేశారు. పొడవు 33 మిల్లీమీటర్లు. మళ్లీ రెండు వారాలకి రమ్మన్నారు. మూత్రం కల్చర్‌లో మాత్రం ఇన్ఫెక్షన్ ఉందని వచ్చింది. ఆవిడకి మంట లేదు, జ్వరం లేదు, ఏమీ లేదు. ఏడు రోజులు మాత్రలు ఇచ్చారు, అయిపోయాయి. పాప రోజూ పొట్ట దగ్గర నోరు పెట్టి "ఇప్పుడే రాకు" అని చెప్తోంది, ఎవరు నేర్పారో.

ల్యాబ్ మనిషి మళ్లీ ఫోన్ చేశాడు. ఈ నెలాఖరుదాకా ఆఫరంట, 15 వేలకి చేస్తాడంట.

పలాస_జీడి
ఇంకో నెల ఆగండి, ఎదురు డబ్బులిస్తాడు.

పొందూరు_పోగు
33 మంచి అంకె. ఆ ఇన్ఫెక్షన్ దొరకడం ఇంకా మంచిది.

రాజాం_ల్యాబోడు
మాత్రలు అయిపోయాక వారానికి మళ్లీ కల్చర్ చేయించారా? పూర్తిగా పోయిందో లేదో చూడాలి.

నాగావళి_నాన్న
లేదన్నా, చేయించాలని తెలీదు. రేపు పొద్దున్నే వెళ్తాం. స్టెరైల్ డబ్బాతోనే.